మా నాయన కాపలా

మొన్న మా మనవరాలు యూనివర్సిటీ సీటు కోసం ఇంగ్లీషు పరీక్షను ఇంట్లోనే కంప్యూటర్లో రాసింది. మొదలుపెట్టేముందు కెమెరాను గదంతా తిప్పి, బల్లకింద కూడా చూపించి, తాతనైన నన్ను కూడా బయటికి పంపి తలుపు వేసుకోవాలట. ఇంతటి అనుమానాన్ని ఒక్క మా నాయన దగ్గరే చూశాను.

మా రోజుల్లో ఎస్సెల్సీలో ఇంగ్లీషు మార్కులు తక్కువొచ్చిన నాబోటివాళ్లకు కాలేజీలో మళ్లీ ఒక పరీక్ష పెట్టేవారు. అది గట్టెక్కితేనే పీయూసీ సీటు, లేకుంటే కోవూరు పక్కన మా పొలంలో మడక పట్టి దున్నుకోవడమే. మా ఊళ్లో ఇంగ్లీషు బాగా వచ్చినవారు క్రైస్తవుల పేటలో ఉండే రిటైరైన మాస్టారొక్కరే. సీటు మాట దేవుడెరుగు, ముందు కొడుకు మతం మారిపోతాడని నాయనకు బెంగ. వద్దనలేడు, నమ్మలేడు.

అందుకని ఆ ఎండాకాలమంతా రోజూ సాయంత్రం నా వెంట వచ్చి, మాస్టారి అరుగుమీద ఓ మూల కూర్చుని, తాడు పేనుకుంటూ కాపలా కాసేవాడు. వాళ్లింట్లో ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా, గట్టు తగాదాల్లో సాక్షులను విడివిడిగా అడగడం చూసినవాడు కనుక, నన్ను బావి దగ్గరికి పంపి పాఠానికి అర్థం మాస్టారి చేత చెప్పించుకుని, తర్వాత నన్ను పిలిచి అదే నాచేత చెప్పించేవాడు. ఎక్కడ తేడా వచ్చినా, "ఆయనొకటి చెప్పినాడు, నువ్వొకటి చెప్తుండావే. ఎవురిది రా అబద్ధం?" అని నిలబెట్టేవాడు. మాస్టారి ముందు నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. ఆయన మాత్రం ఓపిగ్గా నవ్వి, "మళ్లీ చెప్పు నాయనా" అనేవారు.

తీరా పరీక్షలో ఇంగ్లీషు పేరా ఇచ్చి తెలుగులో రాయమన్నారు. పల్లెటూరివాడు ఇంత తేటగా ఎలా రాశాడని లెక్చరరుకు అనుమానమొచ్చి, ఎదుట నిలబెట్టి ఇంకో పేరా చెప్పమన్నాడు. నాకేం బెదురు, అంతకన్నా గట్టి అనుమానం దగ్గర రెండు నెలలు నలిగినవాణ్ణి. సీటు వచ్చింది.

హాస్టల్లో చేరిన కొన్నాళ్లకు మాస్టారి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. మీ నాయన ఇప్పటికీ సాయంత్రమైతే అరుగుమీదికి వస్తున్నాడు, పేపరు చదివి చెప్పమంటాడు, అర్థం ఒక్కసారే అడుగుతాడు, మంచినీళ్లు తనే అడిగి తాగుతాడు అని రాశారు. ఆ ఉత్తరం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

మనవరాలి పరీక్ష కాగానే కెమెరా దీపం ఆరిపోయింది. అనుమానాలకు ఇప్పుడూ కొదవ లేదు. పని అయిపోయాక కూడా మర్నాడు వచ్చి కూర్చునే అనుమానం మాత్రం మా నాయనతోనే పోయింది.