తోటమాలికి బాపు మాట

రామన్నపేటలో నాటకాలు రాసే రోజుల్లో నా పాత్రలన్నీ మా ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడేవి. పోటీలకు తీసుకెళ్తే న్యాయనిర్ణేతలు "ఇతివృత్తం బాగుంది, భాష కొంచెం చూసుకోండి" అనేవారు. ఎన్నిసార్లు చూసుకున్నా నాకు బాగానే కనిపించేది. మా నాన్నను బాపు అనేవాణ్ణి. ఆయనకైతే ఆ నాటకాలంటే ప్రాణం. పొలం, ఎవుసం తప్ప మరో ధ్యాస లేని మనిషి, నా నాటకం ఉందంటే పొద్దుగూకక ముందే వచ్చి ముందు వరుసలో కూర్చునేవాడు.

తొంభైల్లో హైదరాబాదు చేరి హత్యల సినిమాలకు రాయడం మొదలుపెట్టాను. రైతు కష్టాలు రాసినంతకాలం నన్ను పలకరించిన నాథుడు లేడు. మనుషుల్ని చంపడం మొదలుపెట్టగానే కుర్చీ వేసి చాయ్ ఇచ్చారు. మొదటి సినిమా చూసి బాపు ఒక్కటే అడిగాడు.

"అన్ని నువ్వే రాసిన్నంటివి. మరి మన మాటేది బిడ్డా?"

నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాతి కథలో ఒక తోటమాలిని పెట్టి, అచ్చం బాపు మాట్లాడినట్టే రాశాను. ఆ మాట తీసేస్తానంటే కొట్లాడాలని నడుం బిగించుకుని వెళ్లాను. దర్శకుడు మాత్రం చదివి తెగ మురిసిపోయాడు.

"భలే ఉందండీ! హత్యలన్నీ వీడితోనే చేయిద్దాం."

ఎంత మొత్తుకున్నా వినలేదు. మాట ఉంచాలంటే హత్యలు కూడా అతనికే రాయాలన్నాడు. రాశాను.

నల్లగొండ టాకీసులో బాపు పక్కన కూర్చుని సినిమా చూశాను. తోటమాలి తెర మీదికొచ్చి "జర ఆగుండ్రి సారూ, చెట్లకు నీళ్లు పెడుతున్న" అనగానే బాపు నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. అంత సంతోషం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. నాకూ కళ్లు చెమర్చాయి.

హంతకుడెవరో చివరిదాకా తెలియకూడదని అనుమానాన్ని డాక్టరు మీదికీ, మేనల్లుడి మీదికీ తెగ తిప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. విశ్రాంతిలో సోడాబండి దగ్గర ఒకాయన తన దోస్తుకు తాపీగా చెప్పేశాడు.

"గా తోటోడే చంపిండు. మన లెక్క మాట్లాడుతుండు గదా, ఇంకెవడుంటడు?"

బాపు గిర్రున తిరిగాడు.

"ఏం మాటలయ్యా గవి? గాయిన మంచోడు. రాసింది నా కొడుకు. మన అసోంటోన్ని పట్టుకొని నా కొడుకు ఖూనీకోరును చేస్తడా?"

ఆ మనిషి నా వైపు చూశాడు. నేను సోడా తాగుతూ ఉండిపోయాను. ఇంతలో గంట కొట్టారు. బాపు నా భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లాడు.