పైపైన తీసిన నమూనా

నా వల్ల ఒక ఆడమనిషి కాపురం పోయింది. ఈ మాట ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మోసి మోసి అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తొంభైల చివర్లో నేను రాయదుర్గంలో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌ని. ఒకరోజు జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒకతను వచ్చాడు. పెళ్లయి కొన్నేళ్లయినా పిల్లల్లేరు. భార్యను అనంతపురంలో చూపిస్తే ఆమెకు క్లమీడియా ఉందని తేలింది. అది కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు. మగవాళ్లలో చాలామందికి ఏ బాధా ఉండదు, ఒంట్లో ఉన్న సంగతే తెలియదు. మొగుడికీ పరీక్ష చేయించమని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట.

అప్పటి పద్ధతిలో సన్నటి దూదిపుల్లను మూత్రనాళంలోకి కొంచెం లోపలిదాకా పంపి, మెల్లగా తిప్పి తీయాలి. ఆ క్రిమి లోపలి పొర కణాల్లో దాక్కుని ఉంటుంది, అంచున తుడిస్తే దొరకదు. అంతకు ముందు గంటసేపైనా మూత్రం పోసి ఉండకూడదు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

అతను అప్పుడే మూత్రానికి పోయి వచ్చానన్నాడు. పుల్ల తగలగానే కేక వేసి నా చేయి పట్టుకున్నాడు. బయట జనం, లోపల ఉక్క. అంచున తుడిచి తీసేశాను. రేపు రమ్మని చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? విసుగా? ఒక మగవాడి ముందు అంతసేపు వంగి కూర్చోవడానికి సిగ్గా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా నాకు దొరికే జవాబు ఒకటే: త్వరగా అయిపోతే చాలనుకున్నాను. పరీక్షలో జబ్బు కనిపించలేదు. లేదని రాసిచ్చాను.

మొగుడికి లేని జబ్బు పెళ్లానికి ఎక్కడిదని వాళ్లింట్లో అడిగారు. కొన్నాళ్లకు ఆమె ల్యాబుకు వచ్చింది. ఆమె తండ్రి చెప్పులు విడిచి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"అన్నా, ఒగమాట అడుగుతా. ఆ పరీచ్చ ఎప్పుడన్నా తప్పు రాదా?"

"రాదమ్మా."

"ఇంగొకసారి చేస్తారా ఆయప్పకు?"

"చేసినాక మళ్లీ ఎందుకు? లేదంటే లేదనే."

"నేను యాడికీ పోలేదన్నా. నాకు యాడ నుంచి వచ్చినట్ల మరి?"

నేను మైక్రోస్కోపులోకి తల వంచాను. దాని కింద స్లైడు కూడా లేదు. "పోదాం రామ్మా, ఈళ్లేం చెప్తారు" అన్నాడు తండ్రి. ఆ సాయంత్రమే చిలమత్తూరు వైపు పుట్టింటికి వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. ఆమె మొగుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు.

పుల్లతో నేను చేసింది పొరపాటు. ఆమె ముఖం చూసి "రాదమ్మా" అన్నది పొరపాటు కాదు. నమూనా సరిగా తీయలేదని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందని భయపడ్డాను. పోతే పోయేది, ఇంకోచోట దొరికేది. ఈ సంగతి అప్పుడు ఎందుకు తట్టలేదు? తట్టింది. తట్టినా నోరు తెరవలేదు.

కొన్నేళ్లకు అనంతపురంలో పెద్ద ల్యాబుకు మారాను. పద్ధతీ మారింది. మొదట వచ్చే కాస్త మూత్రం పట్టి ఇస్తే చాలు, బెంగళూరుకు పంపితే అక్కడ అందులో ఆ క్రిమి జన్యువు ఉందో లేదో చూసి చెప్పేవాళ్లు. అతను రెండో భార్యతో వచ్చాడు. వాళ్లకూ పిల్లల్లేరు. నన్ను గుర్తుపట్టలేదు. ఈసారి ఉందని వచ్చింది. ఇది పాత జబ్బేనా, మధ్యలో మళ్లీ తగిలిందా? కొత్తదే అనుకుంటే నాకు సుఖం. కానీ ఆ సుఖం కోసం ఎంత వెతికినా, మొదటి భార్యకు నేను చెప్పిన అబద్ధం అబద్ధంగానే ఉంది. అతనికి అప్పుడైనా చెప్పాల్సింది. కవరు చేతికిచ్చి, ఇద్దరూ మందులు వాడాలని మాత్రం చెప్పాను. మళ్లీ నోరు మూసుకున్నాను.

ఒకసారి చిలమత్తూరు బస్సెక్కాను. దిగి, హోటల్లో టీ తాగుతూ ఆమె గురించి అడిగాను. తండ్రి పోయాడని, ఆమె హిందూపురంలో బట్టలు కుట్టే చోట పనికి పోతోందని, మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదని చెప్పారు. హిందూపురం ఎంతో దూరం కాదు. నేను వెనక్కి వచ్చే బస్సెక్కాను.

ఆమె నిజం చెప్పింది. నేను అబద్ధం చెప్పాను. ఇంతే, ఇంతకు మించి ఏమీ లేదు. దీన్ని రాసినందువల్ల ఆమెకు ఏదీ తిరిగి రాదు. నాకు మాత్రం కొంచెం ఊపిరి ఆడుతోంది. అది కూడా నాకు దక్కవలసింది కాదు.