పానా నొప్పి అన్నాడు, నమ్మేశాం

నిన్న పొద్దున ఏడింటికి అత్తయ్య ఫోన్.

"సీనూ, మీ మావయ్య లెగట్లేదురా" అంది.

లేవట్లేదంటే ఏంటో నా బుర్రకెక్కలేదు. చొక్కా తిరగేసి వేసుకుని, ఇక్కడ ఖరగ్‌పూర్‌లోనే ఝపటాపూర్ దాకా స్కూటర్ ఎలా నడిపానో తెలీదు.

వెళ్లేసరికి అంతా అయిపోయింది. హార్ట్ ఎటాక్ అన్నారు డాక్టర్ గారు. నిద్రలోనే.

మా సింహాచలం మావయ్య. అమ్మకి తమ్ముడు. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యాక ఇంటి పక్కన రేకుల షెడ్డులో కార్లు బాగుచేసేవాడు.

తుప్పు పట్టి బిగుసుకుపోయిన స్టడ్డు ఎవరికీ రాకపోతే మావయ్య దగ్గరికే వచ్చేది. స్టడ్డంటే తల లేని బోల్టు. సగం ఇంజిన్‌లో దిగి ఉంటుంది. విరిగిందంటే ఆ సగం లోపలే ఉండిపోతుంది. ఇక నరకమే.

నేనూ వర్క్‌షాప్ మనిషినే. మావయ్య దగ్గర కార్ల పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి పానాకి పైపు తొడిగి, బలమంతా పెట్టి లాగాను. రైలింజన్ బోల్టులతో మాకదే అలవాటు. స్టడ్డు టక్కుమని విరిగింది.

"ఏటిరా ఇది, రైలింజన్ అనుకున్నావేటి? కారురా బావూ, కారు!"

రెండు రోజులు డ్రిల్లింగ్ చేసి ఆ ముక్క తీశాడు. ఆ రెండు రోజులూ నన్ను పక్కనే నిలబెట్టి తిట్టాడు.

ఆయన పద్ధతి వేరు. నూనె పోసి వదిలేయాలి. తర్వాత వేడి చెయ్యాలి, సుత్తితో మెల్లగా తట్టాలి. రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి బిగించి, వాటికి పానా పెట్టాలి. ముందు కాస్త బిగించే వైపు, అప్పుడు విప్పే వైపు. కిర్రుమంటే మంచిదే. చప్పుడు లేకుండా మెత్తగా తిరిగితే మాత్రం ఆగిపోవాలి, లోపల మెలిపడి విరగబోతోందన్నమాట.

"మెత్తగా వస్తందంటే బయపడాల్రా" అనేవాడు.

మొన్న ఆదివారం నా కారు పని పెట్టుకున్నాం. సైలెన్సర్ గొట్టం ఇంజిన్‌కి కలిసే చోట ఒక స్టడ్డు కదలనంది. బుధవారం మా పాపకి మిడ్నాపూర్‌లో ఎగ్జామ్. "ఇవాళే అయిపోవాలి మావయ్యా" అని నాలుగుసార్లు అన్నాను.

"నూనె దిగనీరా. రేపు సూద్దారి" అన్నాడు.

నేను వినలేదు.

ఆ ఎండలో, ఆ రేకుల కింద, చెమట ధారలుగా కారిపోతోంది. మధ్యలో ఆగి చెయ్యి రుద్దుకున్నాడు. ఏమైందన్నాను.

"ఏటీ లేదురా. పానా నొప్పి."

మా ఇళ్లలో ఇది మామూలు మాట, పానా తిప్పి తిప్పి వచ్చే నొప్పి అని. మా నాన్నకీ ఉండేది, నాకూ ఉంది. చెయ్యి లాగినా, భుజం పీకినా పానా నొప్పే. కొబ్బరినూనె రాసుకుని పడుకోవడమే మందు. దీనికి డాక్టర్ దగ్గరికి వెళ్తే వర్క్‌షాపంతా నవ్వుతుంది.

చివరికి స్టడ్డు వచ్చింది, విరక్కుండా. నేను చప్పట్లు కొట్టి ఫోటో తీశాను. ఈ పోస్టు పైన పెట్టింది ఆ ఫోటోనే.

ఇక్కడ పెడదామని ఇవాళ పొద్దున దాన్ని తెరిచాను. కుడిచేతిలో పానా పట్టుకుని నవ్వుతున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

మావయ్య జీవితంలో ఎడమ చేత్తో పానా పట్టలేదు.

ఆయన రుద్దుకున్నది ఎడమ చెయ్యి.

నేనే చంపుకున్నానా? తొందరపెట్టకపోతే ఉండేవాడా? మిడ్నాపూర్‌కి లోకల్ ఉంది. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగి, ట్రైన్‌కి కరువొచ్చినట్టు కారు కారని ప్రాణం తీశాను. రేపు పాపని ట్రైన్‌లోనే తీసుకెళ్తున్నాను.

దాచుకోలేక అత్తయ్యకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది.

వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆ సేతికే కదరా, పడుకునీ ముందు కొబ్బరినూనె రాసినాను. ఎడం సేతికి పానా నొప్పేటని నాకూ తట్టనేదు."

ఇద్దరం గోడకి ఆనుకుని ఏడ్చాం.

నిమ్‌పురా వాళ్లూ, వర్క్‌షాప్ వాళ్లూ, ఇది చదివే మన వాళ్లంతా, దండం పెడతాను. నొప్పికి మనమే ఒక పేరు పెట్టేసుకుని పడుకోకండి. ఏ చెయ్యైనా సరే, వెళ్లి చూపించుకోండి. నవ్వేవాళ్లని నవ్వనివ్వండి.

పొద్దుట్నుంచి నాకూ ఎడమ చెయ్యి లాగుతోంది. భయానికే అంటోంది మా ఆవిడ. అంటూనే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది, ఆసుపత్రికి పదమని. వెళ్తున్నాను.

మావయ్యా, ఇంక నిన్నెవరూ తొందరపెట్టరు.

హాయిగా పడుకో.