వన్స్ మోర్ రాని పద్యం

బీరువా తలుపు తీస్తే చాలు, పాత క్యాసెట్ల పుల్లటి వాసన ముక్కుకు తగులుతుంది. బూజు పట్టిందేమోనని ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూస్తాను. వారానికి రెండుసార్లు చూసుకున్నా బెంగ తీరదు. అవి మస్తాన్ బాబాయ్ పోతూ పోతూ నాకు అప్పజెప్పినవి.

మాచర్లలో మా ఇంటి పక్కనే ఆయన మైకు సెట్ల కొట్టు. ఎదురుగా నాటకాల హాలు. మొదట తడికెలు, ఆ తర్వాత రేకులు, చివరికి స్లాబు. మూడుసార్లూ దానికి మైకు కట్టింది ఆయనే. అక్కడ పాడిన పద్యాలు రికార్డు చేసి దాచేవాడు. అయితే మొదటిసారి పాడుతుండగా రికార్డు మీట నొక్కేవాడు కాదు. జనం “వన్స్ మోర్” అని అరిచి, నటుడు మళ్లీ అందుకున్నాకే నొక్కేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

“మొదటిసారి గొంతు బెదురుద్ది అమ్మాయ్. జనం అడిగినాక చూడు, ఎట్టా విచ్చుకుంటదో!”

మా నాయన చిన్న వేషాలు వేసేవాడు. ఆయనకు ఏనాడూ వన్స్ మోర్ రాలేదు. అందుకే బాబాయ్ దాచిన క్యాసెట్లలో నాయన గొంతు లేదు. ఇంతలో ఆయనకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది గాని మాట పోతుందన్నారు గుంటూరు డాక్టర్లు. దానికి నాలుగు రోజుల ముందు హాల్లో పగటిపూట నాటకం. నేను కొట్టుకు పరుగెత్తి, “బాబాయ్, ఈ ఒక్కసారికి మొదటే నొక్కు” అని బతిమాలాను. అక్కడే కూర్చున్న నాయన కళ్లెర్రజేశాడు.

“ఒరేయ్ మస్తానూ, నామీద జాలిపడి నొక్కావంటే నీ గడప తొక్కను. జనం అడిగితేనే!”

“అడగక ఏంజేస్తార్రా? నువ్వు రాగం చానా సాగదీయకుండా ఉంటే చాలు” అని బాబాయ్ నవ్వాడు. నాకు మాత్రం ఆ నవ్వుతో భయం తీరలేదు.

నాయన పద్యం ఎత్తుకున్నాడు. ఆఖరి రాగం దగ్గర గొంతు జీరపోయినా వదలకుండా నిలబెట్టాడు. ముగించి, ఒక్క క్షణం జనంకేసి చూశాడు. నేనే అరుద్దామని నోరు తెరిచి, నా గొంతు గుర్తుపడతాడని మూసేశాను. ఎవరూ అరవలేదు. ఫ్యాన్ల చప్పుడు వినబడింది. నాయన తలదించుకుని తర్వాతి మాట అందుకున్నాడు.

నాటకం అయ్యాక ఏడుస్తూ మైకు దగ్గరకు పోయాను. బాబాయ్ నా చేతిలో క్యాసెట్ పెట్టాడు.

“మొదటే నొక్కానే. మీ నాయనకు చెప్పమాకు. ఇన్నేళ్లూ జనం అడిగేదాకా ఆగి, ఎంతమంది గొంతులు పోగొట్టుకున్నానో!”

ఆనాటి నుంచి ఆయన ఎవరు పాడినా మొదటే నొక్కాడు.

మాట పోయాక నాయన ఆరేళ్లు బతికాడు. రోజూ ఆ కొట్టు అరుగు మీదే కూర్చునేవాడు. నా చీరల అడుగున ఆయన గొంతు దాగి ఉండేది. ఎన్నోసార్లు తీసి, మళ్లీ అక్కడే పెట్టేశాను. వినిపించి ఉంటే అన్నమాట ప్రకారం ఆ అరుగు దిగి వచ్చేసేవాడో, మళ్లీ పెట్టమని ఒక వేలు ఎత్తేవాడో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.