డ్రమ్ము మీద మహారాజు

మీసం కొత్తగా మొలిచిన రోజుల్లో ప్రతివాడికీ తనలో ఒక మహానటుడున్నాడని అనుమానం వస్తుంది. నాకు అనుమానం కాదు, ఖాయంగా తెలుసు. నరసరావుపేటలో మా వీధివాళ్ళు ఏటా ఎండాకాలంలో పద్యనాటకం వేసేవారు. ఆ యేడు రాజు వేషం నాది. హార్మోనియం వాయించేది స్కూటర్లు బాగుచేసే మెకానిక్ మామ. ఆయన నాకో మాటిచ్చాడు: "జనం చేత వన్స్‌మోర్ అనిపించావా, వచ్చే కోటప్పకొండ తిరునాళ్ళ నాటకంలో వేషం నీదే. లేదంటే నా షెడ్డుకొచ్చి పంక్చర్లేసుకో." ఇక సాధన మొదలుపెట్టాను. నా రాగాలకు మా వీధి కాకులన్నీ సత్తెనపల్లికి వలసపోయాయి (నమ్మకపోతే సత్తెనపల్లి వాళ్ళని అడగండి).

చిక్కంతా సింహాసనం దగ్గర వచ్చింది. ఏదీ దొరక్క, ఎదురింటి పిన్ని నీళ్ళ డ్రమ్మును బోర్లించి ఎర్ర దుప్పటి కప్పాం. "ఖాళీగానే పడుంది, తీసుకుపోండి. నీళ్ళొస్తే మాత్రం నా డ్రమ్ము నాకు కావాల," అంది పిన్ని. మేమంతా పగలబడి నవ్వాం. కుళాయిలు రాక వారం దాటింది మరి. నాటకం అయ్యాక ఆ గోడు చెప్పుకుందామనే కౌన్సిలర్‌ని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాం.

పొద్దుగూకే వేళకు వీధి నిండిపోయింది. సింహాసనమెక్కి పద్యం ఎత్తుకున్నాను. చివర్లో కళ్ళు మూసుకుని రాగం తీశాను. మొదలుపెట్టినప్పుడు చంకలో ఉన్న పిల్లలు, ముగించేసరికి బడి ఈడుకొచ్చి ఉంటారు. మధ్యలో ఎక్కడో గుర్రుమన్న చప్పుడు, ఆ వెంటనే కుర్చీలు జరిగిన చప్పుడు. జనం ఆవేశం పట్టలేక లేచి నిలబడుతున్నారనుకుని ఇంకాస్త పైకెక్కాను.

కళ్ళు తెరిచాను. ఎదురుగా కుర్చీలే ఉన్నాయి, మనిషన్నవాడు లేడు. పక్కన భటులు లేరు. మహారాణి (మా వీధి టైలరే) కుచ్చిళ్ళు ఎగ్గట్టి రెండు బిందెలతో పరిగెడుతున్నాడు. కౌన్సిలర్ కూడా మాయం, ఆయనిల్లూ మా వీధిలోనే కదా. కుళాయిలొచ్చాయి! అంతలోనే పిన్ని స్టేజీ ఎక్కింది.

"లెగు నాయనా, డ్రమ్ము."

"పిన్నీ, నేను రాజుని," అన్నాను, మైకులోనే.

"రాజువైతే ఏంది, నీళ్ళు ఆగిపోతయ్. లెగు."

దుప్పటితో సహా లాగేసింది. మహారాజు చెక్కల మీద చతికిలబడ్డాడు. మామ మాత్రం శ్రుతి వదల్లేదు.

బిందెలన్నీ నిండాక జనం తడిబట్టలతో తిరిగొచ్చి కూర్చున్నారు. పిన్ని కొంగు పిండుకుంటూ "వన్స్‌మోర్" అంది. వీధంతా అందుకుంది. ఈసారి నిలబడే పాడాను, సింహాసనం నీళ్ళతో నిండుగా ఉంది కాబట్టి. ముగించి ఆశగా మామ వైపు చూశాను. "మొదటిసారి విన్నోడెవడురా? వినకుండా అడిగింది లెక్కలోకి రాదు. రేపు షెడ్డుకు రా," అన్నాడు.

తిరునాళ్ళ వేషం రానేలేదు. పంక్చర్లు మాత్రం బాగానే వచ్చాయి. ఇప్పుడు మా ఇంట్లో మోటారుంది, మేడమీద ట్యాంకుంది. అయినా ఎక్కడ కుళాయి గుర్రుమన్నా ఠక్కున లేచి నిలబడతాను. ఆ కుర్చీ మనదేనని మా ఆవిడ గుర్తుచేసేదాకా మళ్ళీ కూర్చోను.