గిర్ని పైసలకు పదేళ్ళ గడువు

2025 మార్చి. మంథని బస్టాండు ఎదురుగా ఉన్న నా గదిలో జీఎస్టీ కాగితాలు పేరుకుపోయి ఉన్నాయి. దుకాణాలకు లెక్కలు రాయడం నా పని. వడ్డీలు, ఫండ్ల లెక్కలు ఎవరూ నేర్పలేదు; చూసి, చేసి నేర్చుకున్నాను. ఆ మధ్యాహ్నం లావణ్య వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు, డిగ్రీ అయి ఉద్యోగం వెతుక్కుంటోంది. వాళ్ళ బాపు రాజయ్య మస్కట్‌లో సిమెంటు ఇటుకలు మోస్తాడు.

“సార్, జర గీ ఫోన్ చూడుండ్రి. ఆరు లక్షలు పెడితే నాలుగున్నర చూపిస్తుంది. లెక్క తప్పిందేమో.”

దసరాకు ముందు రాజయ్య కూతురి ఖాతాలో వేసిన సొమ్ము అది. పెట్టుబడి సలహా ఇచ్చే ఒక యాప్ చెప్పినట్టు మొత్తం స్మాల్ క్యాప్ ఫండ్లలో, అంటే చిన్న కంపెనీల షేర్లు కొనే ఫండ్లలో, పెట్టింది.

“ఎవలనన్న అడుగకపోయినవా బిడ్డా?”

“ఎవలను అడగాలె సార్? మా చిన్నాయన మాట విని ప్లాటు కొన్నం, అది చెరువుల తేలింది. ఆయన కమీషన్ ఆయనకు ముట్టింది. ఫోన్‌కు కమీషన్ కావాల్నా, దావత్ కావాల్నా?”

నవ్వింది. నేనూ నవ్వాను.

లెక్కలో తప్పు లేదు. రిస్క్ ప్రొఫైల్ తెరవమన్నాను. మనం ఎంత నష్టం తట్టుకోగలమో తెలుసుకోవడానికి యాప్ ముందుగా అడిగే ప్రశ్నలవి.

“వయసు ఎవలది పెట్టినవు?”

“నాదే. ఖాతా నాదే గద.”

“నీ మీద బతికేటోళ్ళు?”

“ఎవల్లేరు. నేనే బాపు మీద బతుకుతున్న.”

“పైసలు ఎప్పుడు అక్కర?”

“పదేండ్లని కొట్టిన. నాకిప్పుడు ఏం అక్కరున్నది?”

ఒక్కటీ అబద్ధం కాదు. ఆ జవాబులు నా ముందు పెడితే నేనూ ఇంచుమించు అదే సలహా ఇచ్చేవాణ్ణి.

“మరి బాపుకు ఎప్పుడు అక్కర?”

అప్పుడు గాని ఆమెకు తట్టలేదు; మెల్లగా చెప్పింది. రాజయ్యకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఉగాదికి వచ్చేసి, ఊళ్ళో అమ్మకానికి వచ్చిన పాత పిండి గిర్ని కొనుక్కుని, ఇక కూర్చొని చేసే పనితో బతకాలని ఆయన ఆశ. నెలాఖరులోపు ఆరు లక్షలు కట్టాలి.

“ఆగితే మళ్ళ వస్తయా సార్?”

“రావచ్చు. నెలాఖరుకు వస్తయని మాత్రం చెప్పలేను.”

నా ముందే ఫోన్ చేసి బాపుకు అంతా చెప్పింది. స్పీకర్‌లో వెనక యంత్రాల చప్పుడు వినిపిస్తోంది.

“వినవడ్డదా బాపూ?”

“పడ్డది తియ్. ఏడువకు. ఇంకో రెండేండ్లు చేస్త. మోకాళ్ళకు పట్టీలున్నయి గద. అవ్వకు నువ్వేం చెప్పకు, నేనే చెప్త.”

ఫోన్ పెట్టేయగానే యాప్ మళ్ళీ కనబడింది. ‘మీరు మీ లక్ష్యం దారిలోనే ఉన్నారు’ అని ఆకుపచ్చ అక్షరాలు. పదేళ్ళ లెక్కకు అదీ తప్పు కాదు.

గిర్ని ఇంకెవరో కొన్నారు. రాజయ్య మస్కట్‌లోనే ఉన్నాడు. అప్పటినుంచి ఎవరొచ్చినా, వయసుకంటే ముందు ఈ సొమ్ము ఎవరు సంపాదించారు, ఎవరికి ఎప్పుడు అక్కర అని అడుగుతున్నాను. అడిగి ఏం లాభమో తెలియదు. నా దగ్గరికి వచ్చే పిల్లలంతా ఫోన్‌లో జవాబులు కొట్టేశాకే వస్తారు.