పుస్తకం పట్టిన చేతులు

“సరిగ్గా చదివితే అనాటమీ ఎలా తప్పుతావే? ఈసారి పోతే చదువు మాన్పించేస్తాను!”

“ఇంట్లో చదవనిస్తే కదా నాయనమ్మా! తెల్లారకుండానే అంట్లంటావు, రాత్రి తొమ్మిదికల్లా లైటు ఆర్పేస్తావు!”

రోజూ రాజమండ్రి వెళ్ళి నర్సింగు చదివే మనవరాలితో ఆరోజు నేనూ బయల్దేరాను. నిడదవోలులో ఎక్కిన రైల్లో చోటు లేక, నిలబడే పోట్లాడుతున్నాను. పూలగంపతో కూర్చున్న ఒకావిడ పిల్ల చేతిలో పుస్తకం తీసుకుని, దాని కళ్ళెదుట తెరిచి పట్టుకుంది. పిల్ల కడ్డీ పట్టుకుని చదివి తల ఊపింది. ఆవిడ పేజీ తిప్పింది.

“రోజూ ఇంతేనండి. నాకు చదవడం రాదండి, పట్టుకోవడమే వచ్చండి,” అంది నాతో.

రాజమండ్రి వచ్చేదాకా ఆవిడ ముఖం చూడలేకపోయాను. పేరైనా అడగలేదు.

మర్నాడు తెల్లవారుజామున అంట్లు నేనే తోమాను. పిల్ల లైటు వేసుకుని చదువుకుంది.